సెలవు లేని వారం: నల్లగొండ స్కేటర్ కాలి ఎముక కేసు

పాప వయసు 14, తొమ్మిదో తరగతి. ఎడమ కాలికి చీలమండ పైన బెత్తెడు ఎత్తులో, లోపలి వైపు నొప్పి అంటూ జూన్ చివర్లో వాళ్ళమ్మ నా ఫిజియోథెరపీ క్లినిక్‌కి తీసుకొచ్చింది. అప్పటికి ఆరు వారాలుగా నొప్పి ఉంది. మొదట్లో ప్రాక్టీసు అయిపోయాక వచ్చేది. తర్వాత ప్రాక్టీసు మధ్యలోనే మొదలైంది. ఇప్పుడు మెట్లు దిగినా వస్తోంది, రాత్రి పడుకున్నాక కూడా సలుపుతోంది. ఈ వరస వినగానే నాకు అనుమానం వచ్చింది. కండరం నొప్పి అయితే నాలుగు రోజులు వదిలేస్తే చాలావరకు సర్దుకుంటుంది. వారం వారం ముందుకు జరుగుతూ చివరికి నిద్రలో కూడా పలకరించే నొప్పిని ఎముక నొప్పిగా అనుమానించాలి.

పాప చేసేది ఆర్టిస్టిక్ రోలర్ స్కేటింగ్, అంటే చక్రాల మీద ఫిగర్ స్కేటింగ్. మంచు మీద చేసే టో లూప్, సాల్కావ్, లూప్, ఫ్లిప్, లట్జ్, ఆక్సెల్ జంపులే ఇక్కడా ఉంటాయి. స్పిన్నులు, సంగీతానికి తగ్గ ప్రోగ్రాం, జడ్జీల మార్కులు అన్నీ ఉంటాయి. మనవాళ్ళకు ఇది కొత్త ఆటేమీ కాదు. హైదరాబాద్ కుర్రాడు అనూప్ కుమార్ యామ 2010 గ్వాంగ్‌జౌ ఆసియా క్రీడల్లో సింగిల్స్‌లో ఒకటి, పెయిర్స్‌లో ఒకటి కాంస్య పతకాలు తెచ్చాడు. 2015లో అర్జున అవార్డు కూడా అందుకున్నాడు. ఈ పాప గదిలో గోడకు అతని ఫొటో ఉందట. కుటుంబం అనుమతితోనే ఈ కేసు రాస్తున్నాను, వాళ్ళను గుర్తుపట్టే వివరాలు తీసేశాను.

ముందు ఫ్లోరైడ్ సంగతి చెప్పాలి. నల్లగొండలో ఎముకల నొప్పి అంటే ఎవరికైనా మొదట తట్టేది అదే. పాప వాళ్ళ తాతది మర్రిగూడ మండలం. ఆయన నడుము వంగదు, మెడ తిరగదు. పక్క వీధిలో చూపిస్తే అక్కడి డాక్టరు కూడా "ఫ్లోరైడ్ నీళ్ళ వల్లే" అని కాల్షియం మాత్రలు రాసిచ్చి పంపాడు. తల్లి నా ముందు కూర్చుని, "మా మామ లెక్కనే అయితదా మేడం బిడ్డకు?" అని అడిగేటప్పుడు గొంతు వణికింది. ఆ భయాన్ని తేలిగ్గా తీసేయలేం, ఈ జిల్లాలో ఎన్నో ఇళ్ళు ఆ బాధను చూశాయి.

కానీ లక్షణాలు కలవలేదు. ఎముకల ఫ్లోరోసిస్ ఏళ్ళ తరబడి ఒంట్లో పేరుకుంటే వస్తుంది. వెన్ను, నడుము, పెద్ద కీళ్ళు బిగుసుకుపోతాయి, రెండు వైపులా కనిపిస్తుంది. ఈ పాప నల్లగొండ టౌన్‌లో పుట్టి పెరిగింది, ఊహ తెలిసినప్పటి నుంచీ తాగింది కృష్ణా నీళ్ళే. పళ్ళ మీద గోధుమ రంగు చారలు లేవు. మెడ, నడుము విల్లులా వంగుతున్నాయి. ఎముక లోపలి అంచు మీద బొటనవేలితో పై నుంచి కిందికి నొక్కుకుంటూ వచ్చాను. ఒక చోటికి రాగానే పాప కాలు లాగేసుకుంది. ఆ చోటు రూపాయి బిళ్ళంత. దానికి పైనా కిందా నొక్కితే ఏమీ లేదు. మామూలు షిన్ (ముంగాలి ఎముక) నొప్పి అయితే ఇంత చిన్న చోట ఆగదు, ఎముక అంచు వెంబడి నాలుగు వేళ్ళ పొడవున పరుచుకుని ఉంటుంది. ఒంటి కాలి మీద ఒక్కసారి గెంతమన్నాను, ముఖం చూసి రెండోసారి అడగలేదు.

ఆర్థోపెడిక్ డాక్టర్ దగ్గరికి పంపాను. ఎక్స్‌రేలో ఏమీ కనపడలేదు. ఇలాంటి కేసుల్లో మొదటి రెండు మూడు వారాలు ఎక్స్‌రే మామూలుగా ఉండటం సహజం, ఒక్కోసారి ఆ తర్వాత కూడా ఏమీ చూపించదు. ఎముకకు దెబ్బ తగల్లేదు అని చెప్పడానికి అది చాలదు. ఎమ్మారై తీయిస్తే విషయం తేలింది. టిబియా (మోకాలి కింది పెద్ద ఎముక) కింది భాగంలో ఎముక లోపల వాపు ఉంది, పగులు గీత లేదు. దీన్ని స్ట్రెస్ రియాక్షన్ అంటారు. ఇక్కడ ఆపకపోతే తర్వాతి మెట్టు స్ట్రెస్ ఫ్రాక్చర్, అంటే పదే పదే పడే భారంతో ఎముకకు వచ్చే పగులు.

కోచ్‌తో ఫోన్‌లో మాట్లాడినప్పుడు ఆయన అడిగిన ప్రశ్న నాకు నచ్చింది. "పాప దిగేది కుడి కాలి మీద కదా మేడం, నొప్పి ఎడమ కాలికెందుకు?" ఎడమ వైపు తిరిగే స్కేటర్లందరూ కుడి కాలి మీదే దిగుతారు. దిగేటప్పుడు ఆ కాలి మీద శరీర బరువుకు ఐదు రెట్లకు పైగా భారం పడొచ్చు. అందుకని అందరి దృష్టీ దిగే కాలి మీదే ఉంటుంది. కానీ సాల్కావ్, ఆక్సెల్ లేచేది ఎడమ కాలి మీద నుంచే. ఫ్లిప్, లట్జ్‌లకు కూడా బరువు మోస్తూ ఎడ్జ్ పట్టేది, అంటే స్కేటును ఒక పక్కకు ఒరిగించి వంపులో జారేది ఎడమ కాలే. లేచే క్షణంలో పిక్క కండరం ఎముకను బలంగా లాగుతుంది, ఎముక కాస్త వంగుతుంది. గాల్లో తెరుచుకుపోయిన (చుట్లు పూర్తికాకుండానే విప్పుకున్న) జంపుకైనా, కింద పడిపోయిన జంపుకైనా లేవడం మాత్రం పూర్తిగా జరిగినట్టే. స్కేటర్లలో స్ట్రెస్ ఫ్రాక్చర్లు లేచే కాలికి కూడా బాగానే వస్తాయి. పైగా రోలర్ స్కేటు బరువెక్కువ. బూటు బిగువు వల్ల చీలమండ వంగి అదురును మింగే వీలు తక్కువ, అదంతా పైకి ఎముకకు పోతుంది.

ఇంతవరకు చెప్పింది నిర్ధారణ. నాకు అంతకన్నా ముఖ్యమైన ప్రశ్న వేరే ఉంది. ఇదే కోచ్ దగ్గర, ఇవే జంపులు రెండేళ్ళుగా చేస్తున్న పిల్లకు ఈ వేసవిలోనే ఎందుకు వచ్చింది?

వారంలో విశ్రాంతి ఉందా అని అడిగితే తల్లీకూతుళ్ళిద్దరూ ఒకేసారి "సోమవారం" అన్నారు. ప్రాక్టీసు చార్టులో కూడా సోమవారం దగ్గర సెలవు అనే రాసి ఉంది. సరే, ఆదివారం పొద్దున లేచినప్పటి నుంచి మంగళవారం పొద్దున లేచేదాకా గంట గంటకీ ఏం జరుగుతుందో కాగితం మీద రాసివ్వమన్నాను. ఆ కాగితం నా ఫైల్లో ఇప్పటికీ ఉంది, ఈ కేసులో ఎమ్మారై కన్నా నాకు ఎక్కువ పనికొచ్చింది అదే.

ఆదివారం నాలుగున్నరకు లేచి, ఐదుంబావు బస్సుకు ఎల్బీ నగర్. అక్కడి నుంచి ఆటోలో రింక్. ఎనిమిదిన్నర నుంచి పన్నెండున్నర దాకా ఒక సెషన్, సాయంత్రం నాలుగు నుంచి ఆరు దాకా ఇంకోటి. మధ్యలో రింక్ మెట్ల మీద డబ్బా తిని కూర్చోవడం. తిరుగు బస్సు నార్కట్‌పల్లి దాటి ఇంటికి చేరేసరికి రాత్రి పది. సోమవారం బడి. ఆ రోజు పీటీ పీరియడ్‌లో ఖోఖో. సాయంత్రం ఇంటికొచ్చాక "సెలవు కదా" అని మేడ మీద సిమెంటు నేలపై పావుగంట స్కేట్లు లేకుండా జంపులు, తర్వాత తాడాట, ఆపైన స్ట్రెచింగ్. ఆరున్నర నుంచి తొమ్మిది దాకా ట్యూషన్. హోంవర్క్ అయ్యేసరికి పదకొండున్నర. మంగళవారం ఐదింటికి మళ్ళీ లేవాలి, లోకల్ ప్రాక్టీసు ఉంది.

అంటే సోమవారం నాడు చక్రాలకు సెలవు దొరికింది, కాళ్ళకు దొరకలేదు. నిజానికి ఆ మేడ మీది జంపులే ఎక్కువ హాని చేశాయని నా అభిప్రాయం. రింక్‌లో దిగిన స్కేటర్ ఆ వేగాన్ని వెనక్కి జారుతూ వదిలేస్తుంది. సిమెంటు నేల మీద ఉత్త కాళ్ళతో దిగితే జారడానికి చోటు లేదు, అదురంతా అక్కడికక్కడే ఆగాలి.

వేసవి దీనికి తోడైంది. ఫిబ్రవరి నుంచి ఏప్రిల్ దాకా వార్షిక పరీక్షలని రింక్‌కి ఆదివారాలు మాత్రమే వెళ్ళింది, అవీ కొన్ని తప్పాయి. రాత్రిళ్ళు మేలుకుని చదివింది. పరీక్షలు అయిపోగానే హైదరాబాద్‌లో మేనత్త ఇంట్లో ఉండి సమ్మర్ క్యాంపు. వారానికి ఆరు రోజులు, రోజుకు రెండు పూటలు. ఎండ పడకుండా పొద్దున్నే మొదలుపెట్టేవాళ్ళు కాబట్టి ఐదుకే లేవాలి. రాత్రి హాల్లో కూలర్ ముందు మేనత్త పిల్లలతో కబుర్లు, పడుకునేసరికి పన్నెండు. నొప్పి మొదలైంది క్యాంపు నాలుగో వారంలో. నాకేమీ ఆశ్చర్యం కలగలేదు.

ఎముక ఎలా గట్టిపడుతుందో తల్లికి ఇలా చెప్పాను. కొత్త భారం పడ్డప్పుడు ఎముక ముందు పాత భాగాన్ని తవ్వేస్తుంది, తర్వాత కొత్తది నింపుతుంది. తవ్వడానికి రెండు మూడు వారాలు చాలు, నింపి గట్టిపరచడానికి దాదాపు మూడు నెలలు కావాలి. విజయవాడ హైవేకి మరమ్మతు చేస్తూ ఒక వైపు తవ్విపెట్టారనుకోండి, సరిగ్గా అప్పుడే ఆ వైపు నుంచి లారీలన్నీ వదిలితే ఎలా ఉంటుందో క్యాంపు మూడు నాలుగు వారాల్లో ఎముక పరిస్థితి అలా ఉంటుంది. లారీలు శాశ్వతంగా ఆపక్కర్లేదు, నింపేదాకా తగ్గించాలి. ఎముకకు ఆ పని చేసుకునే వ్యవధినే నేను విశ్రాంతి అంటున్నాను.

మన పిల్లల క్యాలెండర్‌లోనే ఈ చిక్కు ఉంది. అంతర్జాతీయ ఐస్ స్కేటర్లకు మార్చిలో ప్రపంచ పోటీలతో సీజన్ దాదాపు ముగుస్తుంది. ఏప్రిల్, మే నెలల్లో చాలామంది కాస్త తెరిపిన పడతారు. మన రోలర్ పిల్లలకు పోటీలు అయ్యాక పరీక్షలు, పరీక్షలయ్యాక క్యాంపు, క్యాంపు అయ్యాక మళ్ళీ సెలక్షన్లు. పరీక్షల నెలల్లో స్కేటింగ్ తగ్గుతుంది కాబట్టి అదే విశ్రాంతి అనుకుంటారు. ఆ నెలల్లో నిద్ర ఉండదు, తిండి వేళకు ఉండదు, టెన్షన్ ఉంటుంది, కండరం బలం తగ్గుతుంది. అలా తగ్గి ఉన్న ఒంటి మీద ఒక్కసారిగా ఆరు రోజుల క్యాంపు వేస్తాం. అమెరికా పిల్లల వైద్యుల అకాడమీ ఎదిగే క్రీడాకారులకు వారంలో కనీసం ఒక రోజు పూర్తి సెలవు, ఏడాదిలో నెల చొప్పున మొత్తం మూడు నెలలు ఆ ఒక్క ఆటకు దూరంగా ఉండటం మంచిదని చెబుతోంది. మన ఇళ్ళలో మూడు నెలలంటే ఒప్పుకోరు. నేను విడతకు రెండు వారాల చొప్పున మూడు విడతలు అడుగుతున్నాను.

నిద్ర గురించి నేను పట్టుబడతాను. ఈ వయసుకు ఎనిమిది నుంచి పది గంటలు కావాలి. ఎదుగుదల హార్మోన్ ఎక్కువగా విడుదలయ్యేది గాఢ నిద్రలో. 2014లో అచ్చయిన ఒక అధ్యయనంలో ఎనిమిది గంటల కన్నా తక్కువ నిద్రపోయే బడి పిల్లల్లో గాయాలయ్యే అవకాశం 1.7 రెట్లు ఉన్నట్టు తేలింది. మన పాప నిద్ర బడి రోజుల్లో ఐదున్నర గంటలు, క్యాంపులో ఐదు.

తర్వాత అడగాల్సినవి తండ్రిని బయట కూర్చోమని అడిగాను. నెలసరి పన్నెండేళ్ళకు మొదలైంది, ఏడాది పాటు బాగానే వచ్చింది, మార్చి నుంచి రాలేదు. "ఆటలాడే పిల్లలకు అట్లనే ఉంటదట" అంది తల్లి. ఈ మాట నేను చాలాసార్లు విన్నాను, ప్రతిసారీ గట్టిగా కాదంటాను. మొదలైన నెలసరి వరుసగా మూడు నెలలు ఆగిందంటే ఒంటికి అందే తిండి చేసే పనికి చాలడం లేదేమో అని చూసి తీరాలి. అలా చాలనప్పుడు ఒళ్ళు అత్యవసరం కాని పనుల్ని ఒక్కొక్కటే ఆపేస్తుంది, అందులో ఎముక కట్టడం కూడా ఉంటుంది. అంతర్జాతీయ ఒలింపిక్ కమిటీ 2014లో దీనికి రెడ్-ఎస్ (ఆటకు తగ్గ శక్తి ఒంటికి అందకపోవడం) అని పేరు పెడుతూ ఒక పత్రం తెచ్చి, 2018లో, 2023లో దాన్ని సవరించింది. 2014 సోచి ఒలింపిక్స్‌లో పదిహేనేళ్ళకే టీమ్ స్వర్ణం గెలిచిన రష్యా ఫిగర్ స్కేటర్ యూలియా లిప్నిట్స్కాయా తిండికి సంబంధించిన జబ్బుతో 2017కల్లా ఆట వదిలేసింది. పాప డబ్బా సగం తిరిగొస్తోందని తల్లికి తెలుసు, ఎందుకో తెలియదు. పాప మెల్లగా నాకు చెప్పింది. కాస్ట్యూమ్ బిగుతైందని ఎవరో అన్నారట, అప్పటి నుంచి అన్నం తగ్గించింది.

రక్త పరీక్షలో హిమోగ్లోబిన్ 10.4 వచ్చింది, ఈ వయసుకు 12 ఉండాలి. విటమిన్ డి కూడా తక్కువే. మందుల సంగతి డాక్టర్లు చూసుకున్నారు, నెలసరి కోసం గైనకాలజిస్టుకు చూపించారు. తిండి విషయంలో నేను పెద్ద చార్టులేమీ ఇవ్వలేదు. ప్రాక్టీసు అయిన అరగంటలో ఏదో ఒకటి కడుపులో పడాలి. ఉడకబెట్టిన గుడ్లు, పల్లీ పట్టీ, అరటిపండు బస్సు ఎక్కే ముందే తినాలి. రాత్రి జొన్నరొట్టెతో పాటు పప్పు గట్టిగా, పెరుగు తప్పకుండా. తిండి తగ్గించాలనే మాట ఇంట్లో గానీ రింక్‌లో గానీ ఎవరూ ఎత్తకూడదని కోచ్‌తో, తల్లితో, మేనత్తతో విడివిడిగా చెప్పాను.

అసలు గొడవ జంపులు ఆపమన్నప్పుడు వచ్చింది. సెప్టెంబరులో సెలక్షన్లు. "రెండు నెలలు ఇంట్ల కూసుంటే అన్నీ మర్చిపోతది మేడం, ఇన్నేండ్ల కష్టం" అని తల్లి కళ్ళనీళ్ళు పెట్టుకుంది. పాప ఏడవలేదు, నా వంక కోపంగా చూసింది. ఆ కోపాన్ని నేను అర్థం చేసుకోగలను. అప్పుడు జపాన్ ఫిగర్ స్కేటర్ యుజురు హాన్యు సంగతి చెప్పాను. 2017 నవంబరులో ప్రాక్టీసులో క్వాడ్ లట్జ్ (గాల్లో నాలుగు చుట్లు తిరిగే లట్జ్) చేస్తూ పడి కుడి చీలమండ లిగమెంటు దెబ్బతీసుకున్నాడు. మధ్యలో ఒక్క పోటీ కూడా ఆడకుండా 2018 ఫిబ్రవరిలో ప్యాంగ్‌చాంగ్‌లో నేరుగా దిగి వరసగా రెండో ఒలింపిక్ స్వర్ణం గెలిచాడు. ఆ తర్వాత మార్చిలో ప్రపంచ పోటీలు మాత్రం వదులుకున్నాడు, కాలు ఇంకా మానలేదు కాబట్టి. ఆ రెండో సగం కూడా పిల్లలకు చెప్పాలి. అమెరికా ఫిగర్ స్కేటర్ అలీసా లియు గురించి పాపకు ముందే తెలుసు. ఆమె 2022లో పదహారేళ్ళకే ఇక చాలని ఆట వదిలేసింది. రెండేళ్ళ తర్వాత తన ఇష్టంతో తిరిగొచ్చి 2025 మార్చిలో బోస్టన్‌లో ప్రపంచ విజేత అయింది. అన్నిటికన్నా పాపను కదిలించింది అదే అనుకుంటాను. తర్వాతి వారం వచ్చినప్పుడు కోపం లేదు.

చికిత్స వివరాల్లో చెప్పుకోదగ్గ కొత్తదనం లేదు. మొదటి మూడు వారాలు గెంతడం, పరిగెత్తడం, తాడాట, ఖోఖో అన్నీ బంద్. బడికి ఉత్తరం రాసిచ్చాను. నొప్పి లేకుండా నడవగలిగే దాకా నడక కూడా అవసరానికే. నొప్పి పుట్టించని వ్యాయామాలు, అంటే కూర్చుని మడమలెత్తడం, తుంటి కండరాలకు రబ్బరు బ్యాండ్, నడుము పట్టు, ఓపిక తగ్గకుండా ఉండటానికి స్టాండు మీద సైకిలు. మర్చిపోతాననే భయానికి రోజూ పదిహేను నిమిషాలు ప్రోగ్రాం సంగీతం పెట్టుకుని చేతుల కదలికలు మాత్రం చేయడం, జంపు వచ్చే చోట కళ్ళు మూసుకుని దాన్ని మనసులో చేసుకోవడం. సోమవారం మేడ తలుపుకు తాళం. ఆ తాళం వేసింది వాళ్ళ నానమ్మ, తాళంచెవి కొంగుకు కట్టుకుని తిరిగిందట.

ఎముక మీద నొక్కితే నొప్పి పోయాక, రెండు వారాలు నొప్పి లేకుండా నడిచాక, డాక్టర్ సరేనన్నాకే స్కేట్లు. ముందు మామూలు స్ట్రోకింగ్ (ఒక్కో కాలితో తోసుకుంటూ జారడం), ఎడ్జులు. తర్వాత రెండు కాళ్ళ స్పిన్ను. తర్వాత సగం తిరిగే వాల్ట్జ్ జంపు, ఆపైన సింగిల్ (ఒక చుట్టు) టో లూప్, సాల్కావ్. జంపులు రోజు విడిచి రోజు. ఒక చిన్న నోట్‌బుక్‌లో ఆ రోజు ఎన్నిసార్లు లేచిందో గీతలు గీయాలి. దిగినవే కాదు, పడినవి, తెరుచుకుపోయినవి అన్నీ లెక్కే. మర్నాడు పొద్దున మంచం దిగగానే నొప్పి ఉందో లేదో పక్కన రాయాలి. నొప్పి ఉంటే ఒక మెట్టు కిందికి. ఒక్కసారి అలా వెనక్కి వెళ్ళాల్సి వచ్చింది, పెళ్ళింట్లో బారాత్ ముందు డాన్స్ చేసిన మర్నాడు. డాన్సులో గెంతినవి కూడా గీతలే అని అప్పుడు నోట్‌బుక్‌లో పాపే రాసుకుంది.

సెప్టెంబరు సెలక్షన్లకు పోలేదు. నవంబరుకల్లా సింగిల్ జంపులన్నీ నొప్పి లేకుండా వచ్చాయి, అదే నెల నెలసరి తిరిగి మొదలైంది. హిమోగ్లోబిన్ 12 దాటింది. జనవరిలో డబుల్ సాల్కావ్ మొదలుపెట్టారు. కోచ్ ఒక విషయం చెప్పాడు, నాకు చాలా సంతోషం కలిగింది. ఆపకముందు సెషన్ చివరి అరగంటలో చేసే జంపుల్లో చాలావరకు పడిపోయేది, ఇప్పుడు సెషన్ గంట తక్కువ, దిగేవి ఎక్కువ.

వారం ఇప్పుడిలా ఉంది. ఆదివారం ఒకే సెషన్, మధ్యాహ్నం బస్సుకే తిరుగు ప్రయాణం. సోమవారం ట్యూషన్ మాన్పించారు, పీటీలో కూర్చోనిచ్చారు, పదింటికి దీపం ఆర్పుతారు. ప్రతి నాలుగో వారం జంపుల సంఖ్య సగం. ట్యూషన్ విషయంలో తండ్రి ఇంకా పూర్తిగా ఒప్పుకోలేదు, పదో తరగతి వస్తోందని ఆయన ఆందోళన ఆయనది. ఈసారి వేసవి క్యాంపుకు కోచ్ నాతో కలిసి కూర్చుని పట్టిక వేశాడు. మొదటి వారం మూడు రోజులు, రెండో వారం నాలుగు, తర్వాత ఐదు, ఆరో రోజు అసలు లేదు, మధ్యాహ్నం పిల్లలందరికీ రెండు గంటలు పడక. ఈ పాపకే కాదు, క్యాంపులోని పిల్లలందరికీ అదే పట్టిక. లట్జ్ డబుల్ ఎప్పుడు మొదలుపెట్టాలన్నది ఇంకా తేలలేదు. క్యాంపు ఆరో వారం నోట్‌బుక్ చూశాక చెబుతానన్నాను.